బస్సు సారు

బలరాం సారుకు ఉన్నది ఒక్కటే పిచ్చి. నలుగురు వరసలో నిలబడితే చాలు, ఆయన కాళ్లు ఊరుకోవు. దగ్గరికి పోయి ఒక్కొక్కరినీ "మీకు బస్సెప్పుడు?" అని అడగాలి. ఎవరి బస్సు ముందుంటే వాళ్లను ముందుకు జరపాలి. రేషన్ షాపు కానీ, ఏటీఎం కానీ, చావింటి దగ్గర ఆఖరి చూపు కానీ, ఏ వరసైనా ఆయనకు ఒకటే. ఈ పిచ్చితోనే కంప్యూటర్లలో డాక్టరేటు తెచ్చుకున్నాడు, ఈ పిచ్చితోనే ఉద్యోగం పోగొట్టుకున్నాడు. పోయినేడు వానలు మొదలయ్యే ముందు కన్నుమూసేదాకా అది ఆయన్ను వదల్లేదు.

ఈ సంగతి హేమలతకు పెళ్లినాడే తెలిసింది. స్టేజీ మీద పక్కన కూర్చున్న మనిషి ఉన్నట్టుండి కనబడలేదు. ఫొటోగ్రాఫరు కెమెరా దించి, "అక్కా, పిలగాడేడి?" అన్నాడు. పిలగాడు తలపాగాతో సహా భోజనాల వరస దగ్గరున్నాడు. బోనకల్ పోయే రైలు అందుకోవాల్సిన చుట్టాలను ముందుకు తోస్తున్నాడు. హేమలత మేనమామ బిచ్యా ప్లేటు పట్టుకుని అరిచాడు.

"నేను పిల్ల మేనమామను! నన్నే ఎనక్కి పంపుతవా?"

"మీకు సొంత బండుంది గదా మామా. బండి మీ కోసం ఆగుతది. రైలు ఆగదు."

బిచ్యా వంతు వచ్చేసరికి మటన్ అయిపోయింది. అల్లుడి పేరెత్తితే ఆయన ఇప్పటికీ ఆనాటి ఉత్త చారు సంగతే చెబుతాడు.

బలరాం చేసిన పరిశోధన కూడా ఇదే. కంప్యూటర్ లోపల పనులు వరస కట్టి ఎదురుచూస్తుంటాయట. ఏ పనిని ముందు అందుకోవాలి అన్నదే లెక్క. తండాకు పోయి తల్లి కమ్లికి విడమరిచి చెప్పాడు. "కంప్యూటర్ల కూడా లైనుంటదే యాడీ." కమ్లి నోట్లో ఆకు నములుతూ విన్నది. "పుట్టినకాడికెంచి నేను లైన్లనే ఉన్న కొడకా. నాకెవ్వడియ్యలే డాక్టరు."

పరీక్ష చేయడానికి ఎక్కడి నుంచో ఒక పెద్ద ప్రొఫెసరు వచ్చాడు. బలరాం బోర్డు దగ్గర నిలబడి మొట్టమొదట అడిగింది, "సార్, మీ రైలెప్పుడు?" సాయంత్రమేనన్నాడాయన. "అయితే ముందు ముగింపు చెప్తా సార్. టైముంటే మొదలు చెప్తా." ప్రొఫెసరు నవ్వీ నవ్వీ, ప్రశ్న మీద ప్రశ్న అడిగీ, చివరికి రైలు అందుకోలేకపోయాడు. డాక్టరేటు వచ్చినందుకు సంతోషం లేదు బలరాంకు. ఆ రైలు పోయిందనే దిగులు.

తర్వాత హైదరాబాదులో పెద్ద కంపెనీ, పెద్ద జీతం. ఫిర్యాదు చేసేవాళ్ల ఫోన్లు ఏ వరసలో ఎత్తాలో చెప్పే ప్రోగ్రాం రాయాలి. ఎక్కువ డబ్బు కట్టేవాళ్లవి ముందు ఎత్తమన్నది పైఅధికారి ప్రమీలారాణి. బలరాం ఒప్పుకోలేదు.

"ఫోన్ చేసేవాళ్లకు బస్సెందుకుంటుందండీ బలరాం గారూ?"

"ఉంటది మేడం. బ్యాలెన్స్ అయిపోయేటోనిది ముందెత్తాలె. ఉన్నోడు మళ్ల చేస్తడు."

ఆ నెలాఖరుకే సామాన్లు ఆటోలోకెక్కాయి. పాల్వంచ దగ్గర ఒక కాలేజీలో పాఠాలు చెప్పే పని దొరికింది. అక్కడే ఆయన బస్సు సారు అయ్యాడు.

వైవా పరీక్ష రోజు గది బయట పిల్లలు బారులు తీరితే సారు తలుపు తీసి అదే మాట అడిగేవాడు. "చర్ల బస్సు సార్!" "నాది కూడా చర్లే సార్!" దూరపు బస్సుకే తొందరెక్కువని పిల్లలు కనిపెట్టేశారు. చూస్తుండగానే సగం క్లాసు చర్ల వాళ్లయిపోయారు. టిఫిన్ డబ్బా ఇవ్వడానికి పోయిన హేమలత అది చూసి తల పట్టుకుంది.

"ఆ పిల్ల హాస్టల్ల ఉంటదండీ. పొద్దున బట్టలారేస్తుంటే నేనే చూసిన."

"చర్ల అన్నది గదా."

"అనంగనే నమ్ముడేనా?"

"నమ్మనప్పుడు అడుగుడెందుకు హేమా?"

ఇంత చదివిన మనిషిని పిల్లలు ఇట్లా బోల్తా కొట్టిస్తున్నారని ఆమెకు లోలోపల సిగ్గుగా ఉండేది.

అట్లాంటి మనిషికి కిడ్నీలు రెండూ పోయాయి. భద్రాచలంలో డయాలసిస్‌కు చోటు దొరికింది. అక్కడ మిషన్లు తక్కువ, మనుషులెక్కువ. ముందొచ్చినవాళ్లకు ముందు. అడవి ఊళ్ల వాళ్లు ముందురోజే వచ్చి వరండాలో పడుకునేవారు. ఇక చెప్పాలా! మొదటి వారం తిట్లు తిన్నాడు, రెండో వారం మిషన్లు చూసే హరిలాల్‌ను ఒప్పించాడు, ఆపైన ఎవరి బస్సును బట్టి వాళ్ల వంతు. చర్ల అవతలి నుంచి వచ్చే ముసలి ఎర్రమ్మ అందరికంటే ముందు. పాల్వంచకు ఎప్పుడైనా బస్సు దొరుకుతుంది కాబట్టి బలరాం అందరికంటే వెనక.

వంతు వచ్చేదాకా ఆయన గోడకు ఆనుకుని ఊపిరి కోసం తన్నుకునేవాడు. కాళ్లు నీరుపట్టి చెప్పుల్లో పట్టేవి కావు. ఆలస్యం చేస్తే ఊపిరితిత్తుల్లోకి నీరెక్కి ప్రాణం మీదికొస్తుందని డాక్టరు గట్టిగానే చెప్పాడు. హేమలత బతిమాలింది, తిట్టింది, అన్నం మానేసింది. "లెక్క లెక్కే" అన్నాడాయన. ఆ ఎండాకాలంలో ఒకరోజు ఆయన పెదవులు నల్లబడ్డాయి. ఆమె ఎర్రమ్మ పక్కన కూలబడి ఏడ్చింది. "ఇంకోసారి ఇట్ల ఆగితే మనిషి దక్కడవ్వా." ఎర్రమ్మ ఆమె వీపు నిమిరింది.

మళ్లీ వంతు నాడు బలరాం మాటకొకసారి ఆగుతూ అడిగాడు. "ఎర్రమ్మా... బస్సెప్పుడు?"

"ఇయ్యాల బస్సెక్క సారూ. సుట్టాలింట్ల ఉంట."

"భీమ్లా?" అని తర్వాతి వాణ్ని అడిగాడు.

"మా బస్సు వాగుల దిగబడ్డదంట సార్." ఎండలకు ఆ వాగులో చెంబెడు నీళ్లు కూడా లేవు.

"చాందీ, నీకు?"

"మా డ్రైవర్ పెండ్లి సార్. కండక్టర్ కూడా పోయిండు."

హరిలాల్ గోడవైపు తిరిగి ట్యూబు సవరించసాగాడు. భుజాలు మాత్రం కదులుతున్నాయి. బలరాం అందరి మొహాలూ ఒకసారి చూశాడు. "అయితే నేనే ముందు" అని, ఎర్రమ్మ ఎక్కాల్సిన మిషన్ పక్క మంచం మీద పోయి పడుకున్నాడు.

దిగేసరికి మనిషికి ఊపిరి ఆడుతోంది. ఇంటికి పోదామంటే కదల్లేదు. ఎర్రమ్మ ఆఖరి వంతులో లోపలుంది. వరండాలో కూర్చున్నాక హేమలత మెల్లగా అన్నది, "వాళ్లంత అబద్ధం చెప్పిండ్రు."

"తెల్సు."

"తెల్సే ఎక్కిండ్రా?"

"కాలేజీ పిల్లలు చర్ల అంటే నమ్మిన. వీళ్లను నమ్మనా?"

"అంటే అప్పుడు కూడా తెల్సా?"

"మా కాలేజీకి చర్ల బస్సే రాదు హేమా." ఆయన నవ్వబోయి దగ్గాడు. "ఒకల ఇంట్ల రోగముంటది. ఒకలు ఏం తినకుంట వస్తరు. ఒకలకు భయంతోని కడుపుల తిప్పుతది. నలుగుట్ల నిలబడి నన్ను ముందు పంపుండ్రి అని ఎవరడుగుతరు? బస్సుందని అయితే చెప్తరు. అందుకే బస్సడుగుత."

హేమలతకు కోపమొచ్చింది. "మరి మీ సంగతి ఒక్కనాడన్న చెప్పకపోతిరి?"

"నన్నెవరు అడగలే గదా" అన్నాడు బలరాం, అది ప్రోగ్రాంలో దొర్లిన చిన్న పొరపాటన్నట్టు.

ఎర్రమ్మ చేతికి కట్టుతో బయటికొచ్చింది. చర్ల బస్సు ఎప్పుడో పోయింది. హేమలత లేచి, "అవ్వా, నీ సుట్టాలిల్లు ఏడ?" అన్నది.

ఎర్రమ్మ ఆమెను చూసింది, సారును చూసింది. "పాల్వంచల బిడ్డా. ఇంటి నంబరే తెల్వదు."

"నాకు తెల్సు" అని బలరాం ఆమె సంచి అందుకోబోయాడు. హేమలత అప్పటికే దాన్ని భుజానికి తగిలించుకుంది.