కనకలక్ష్మి అడిగిన బ్యాటరీ

కనకలక్ష్మి ఇప్పుడు జనగామలో బోరు మోటార్లు బాగుచేస్తుంది. ఆమె గురించి రాయాలంటే ముందు నేను చేసిన సిగ్గుమాలిన పని చెప్పాలి.

అవి సకల జనుల సమ్మె రోజులు. బస్సుల్లేవు, కాలేజీలకు తాళాలు, బొగ్గు రాక కరెంటు కోతలు. అయినా మా పాలిటెక్నిక్ పిల్లల రోబో పోటీ ఆపకుండా జనగామలో ఒక ఫంక్షన్ హాల్లో పెట్టారు. నేల మీది గీత తప్పకుండా నడిచి అందరికంటే త్వరగా చివరికి చేరిన బండిదే గెలుపు. గెలిచిన జట్టు హైదరాబాద్ పోటీకి పోతుంది. కొడకండ్ల కూలీ పోచయ్య బిడ్డ కనకలక్ష్మికి అది చివరి ఏడు. అంతకుముందు రెండేళ్లూ ఆమెకు రెండో స్థానమే దక్కింది.

పోటీ రోజు పొద్దున్నే మా జట్టు దగ్గరికి వచ్చింది. "ధర్మా తమ్మీ, కరెంటు లేక మా బ్యాటరీ నిండలే. మీకు రెండున్నయంట, జర ఒకటిస్తవా?"

"పోటీకొచ్చి గిదేం అడుగుడక్కా?" అని కసిరాను. ఆమె తన బండి దగ్గరికి వెళ్లిపోయింది.

మా వంతు వచ్చింది. గీత మీద పెట్టగానే మా బండి పక్కకు పోయి గిరగిరా తిరిగింది. హాలంతా ఒకటే నవ్వు! నాకు ఏడుపొక్కటే తక్కువ. రెండో అవకాశానికి పది నిమిషాలే ఉంది. స్క్రూడ్రైవర్ పట్టుకుని కనకలక్ష్మే వచ్చింది.

"ఏడ నడిపి చూసిన్రు దీన్ని?"

"మా తండాల. అలికిన వాకిట్ల మా అమ్మ ముగ్గుపిండితోని గీసిన గీత మీద."

ఆమె నవ్వలేదు. "గదే మరి. ఆడ నేల నలుపు, గీత తెలుపు. ఈడ పరిచిన పట్టా తెలుపు, టేపు నలుపు. మీ బండికి అంతా ఉల్టా అయింది."

సెన్సార్ల తీగలు తారుమారు చేసి ఇచ్చింది. ఈసారి మా బండి గీత తప్పకుండా చివరికి చేరింది.

ఆఖరి వంతు ఆమెది. నా సంచిలో రెండో బ్యాటరీ ఉంది. జిప్పు తీశాను. ఇస్తే ఓడిపోతామనిపించి మళ్లీ వేశాను.

ఆమె బండి ముప్పావు దూరం మాకంటే వేగంగా పోయింది. తర్వాత నీరసించి, గీత చివరికి జానెడు దూరంలో ఆగిపోయింది. రెండోసారి నడపడానికి బ్యాటరీలో ఏం మిగల్లేదు. ఆమె దాన్ని ఎత్తి పక్కన పెట్టి, నా దగ్గరికి వచ్చి చెయ్యి కలిపింది. "మంచిగురికింది తమ్మీ మీ బండి."

హైదరాబాద్‌కు మేం పోయాం.

పన్నెండేళ్లు ఆ జిప్పు చప్పుడు నన్ను తినేసింది. నిరుడు ఆమె దుకాణానికి పోయి అంతా చెప్పాను. మోటారు విప్పుతూ ఆమె తలెత్తలేదు.

"ఎరుకే. నువ్వు జిప్పు తీసుడు చూసిన."

"మరి ఇంకోపారి ఎందుకడగలే అక్కా?"

"ఒకపారి అడిగిన గద, ధర్మా."