ఎడమ మణికట్టు ఎక్స్‌రే

2005 నవంబరులో నన్ను వయసు నిర్ధారణ బోర్డులో వేశారు. అప్పుడు నేను దక్షిణ ఢిల్లీలోని ఒక ప్రభుత్వ ఆసుపత్రిలో రేడియాలజిస్టును. పదహారేళ్ళ లోపు బాలికల వెయిట్‌లిఫ్టింగ్ పోటీలకు వచ్చిన పిల్లల ఎడమ మణికట్టు ఎక్స్‌రే చూడాలి. ఎముక చివర ఎదుగుదల గీత కనిపిస్తే పోటీలోకి, అతుక్కుపోతే ఇంటికి. దొంగ వయసులు చూసి చూసి నాకు ఏ కాగితం మీదా నమ్మకం ఉండేది కాదు. "సరోజినీ నగర్ బజార్లో చొక్కా కొన్నా కుట్లు తిప్పి చూస్తారు, మనుషుల్నీ అంతే," అని మా ఆవిడ దెప్పేది.

లక్ష్మి శ్రీకాకుళం పిల్ల. గ్రేటర్ నోయిడాలోని ఒక శిక్షణ హాస్టలు తరఫున కోచ్ తీసుకొచ్చాడు. సర్టిఫికెట్ ప్రకారం జూలై ఒకటిన పుట్టింది, పదిహేనేళ్ళు. ఎక్స్‌రేలో గీత అతుక్కుపోయి ఉంది. ఎప్పుడు పుట్టావమ్మా అని తెలుగులోనే అడిగాను.

"వరికోతలప్పుడంట సార్. తారీకు మాస్టారు రాసీసినారు."

జూలైలో వరికోతలేమిటి? దొరికిందనుకున్నాను! నా పుట్టినతేదీ కూడా మా ఊరి హెడ్మాస్టారు ఉజ్జాయింపుగా వేసిందే. ఆ తేదీతోనే సర్వీసంతా చేశాను, ఒక్కరూ నా మణికట్టు అడగలేదు. సిగ్గుచేటు, ఆ క్షణాన అది గుర్తుకే రాలేదు.

"పోటీ నేకపోతే హాస్టల్నించి పంపీస్తారు సార్," అంది లక్ష్మి.

ఎముక వయసు ఏడాది, రెండేళ్ళు అటూ ఇటూ కావచ్చని మా చదువే చెబుతుంది. ఫారంలో ఆ మాటకు చోటు లేదు. అర్హురాలు, అనర్హురాలు, రెండే గళ్ళు. రెండోదాంట్లో టిక్కు పెట్టి సంతకం చేశాను.

కోచ్ గొడవపడతాడనుకున్నాను. పడలేదు. "ఠీక్ హై డాక్టర్ సాబ్, దూసరీ లే ఆతా హూఁ," అని వెళ్ళిపోయాడు. మర్నాడు నిజంగానే ఇంకో పిల్లను తెచ్చాడు. లక్ష్మి ఏదంటే, ఊరికి రైలెక్కించామన్నాడు. కొత్త పిల్లది వేరే రాష్ట్రం, అయినా సర్టిఫికెట్ మీద లక్ష్మి కాగితం మీది చేతిరాతే, అదే సిరా. నాకు ఒళ్ళు మండింది. రెండు కాగితాలూ తీసుకెళ్ళి బోర్డు ఛైర్మన్ ముందు పెట్టాను.

"కోచ్‌ల సంగతి మన పరిధిలోది కాదండీ. మీరు ఎముకలు చూడండి చాలు," అన్నారాయన.

చూశాను. ఆ పిల్ల మణికట్టులో గీత కనిపించింది, పోటీలోకి వెళ్ళింది. కోచ్ కూడా వెళ్ళాడు.

అనుమానించడం నా ఉద్యోగం. అందులో తప్పు లేదు. కాదనలేక ఎక్స్‌రేకు చెయ్యి చాపిన పిల్లనే అనుమానించి, ఆమెను తెచ్చినవాడికి దారివ్వడం తప్పు. ఆ సంతకం నాదే.