‘జరిగింది’ అనకూడని క్లాసు

డాక్టరు పొరపాటు చేస్తే ఆ సంగతి రోగికి ఎలా చెప్పాలో మా మెడికల్ కాలేజీలో ఒక పాఠం ఉంది. దాన్ని చెప్పడానికి ఏ లెక్చరరూ కోరి తీసుకోరు. మధ్యాహ్నం భోజనాల తర్వాత క్లాసు, సగం మంది పిల్లలు కునికిపాట్లు పడుతుంటారు. నేను మాత్రం ప్రిన్సిపాల్‌ను అడిగి మరీ తీసుకున్నాను. లోకాన్ని బాగుచేద్దామని కాదు. సర్జరీ విభాగానికి పెద్దగా ఒక ముసలి డాక్టరు మా కాలేజీలో చేరిన వారంలోనే అడిగాను.

నేను తొమ్మిదో తరగతిలో ఉండగా ఆ డాక్టరే మా అమ్మకు గర్భసంచి తీసే ఆపరేషన్ చేశాడు. మాది ధర్మవరంలో పట్టుచీరలు నేసే ఇల్లు. అమ్మా నాయనా ఇద్దరూ మగ్గం గుంతలో దిగేవాళ్ళే. అప్పట్లో ఆయనకు సొంత నర్సింగ్ హోం ఉండేది. చేయి మంచిదని లేపాక్షి, చిలమత్తూరు పక్కల నుంచి కూడా జనం వచ్చేవారు.

కుట్లు మానాయి గానీ నొప్పి పోలేదు. జ్వరం వచ్చేది, తగ్గేది, మళ్ళీ వచ్చేది. కాళ్ళతో మగ్గం చెక్క తొక్కితే చాలు, అమ్మ పొట్ట పట్టుకుని గుంతలోనే వంగిపోయేది. తీసుకుపోయిన ప్రతిసారీ ఆయన ఒకటే మాట అనేవాడు.

“బరువులెత్తొద్దంటే వినవు. మగ్గం ఎక్కొద్దంటే వినవు. ఇది నీ తప్పమ్మా, నా తప్పు కాదు.”

ఆ మాట మా ఇంట్లో వేదమైంది. అవ్వ ఇరుగుపొరుగుతో “నా కోడలికి నొప్పి గిప్పి ఏమీ లేదు, పని ఎగ్గొట్టే యేషాలు” అనేది. నాయన పైకి ఏమీ అనలేదు గానీ ఆయనా డాక్టరు మాటే నమ్మాడు. అందరికంటే ఎక్కువగా నమ్మింది మా అమ్మే. మొదటివారం బిందె ఎత్తి నీళ్ళు తెచ్చుకున్నందుకు తనను తానే తిట్టుకునేది. మా వీధికి కొళాయి నీళ్ళు ఎప్పుడొస్తాయో దేవుడికే తెలియాలి, వచ్చినప్పుడు బిందె ఎత్తక ఏం చేస్తుంది?

రెండేళ్ళు అలా ఎండిపోయాక మా మేనమామ ఆమెను బెంగుళూరు తీసుకుపోయాడు. అక్కడ పొట్ట తెరిస్తే లోపల, ఆపరేషన్‌లో రక్తం అద్దే గుడ్డ దొరికింది. చీముపట్టి, పేగుకు అతుక్కుపోయి ఉంది. కొంత పేగు కూడా కోయాల్సి వచ్చింది.

నాయన బెంగుళూరు ఆసుపత్రి కాగితాలు పట్టుకుని ఆ డాక్టరు దగ్గరికి పోయాడు. నేనూ వెంట ఉన్నాను. ఆయన కుర్చీలోంచి లేవలేదు.

“ఆ బెంగుళూరోళ్ళే పెట్టినారేమో, నాకేం తెలుసు? పోప్పా, బయట పేషెంట్లున్నారు.”

నాయన మెట్లు దిగుతూ తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. నేను డాక్టర్ని కావాలని అనుకున్నది అప్పుడే. రోగుల మీద దయతో చాలామంది ఈ చదువుకు వస్తారట. నేను పగతో వచ్చాను. చదువు మాత్రం బాగానే వచ్చింది.

ఇన్నేళ్ళకు ఆయన నర్సింగ్ హోం మూసేసి, తెల్లజుట్టుతో, చేతికర్రతో మా కాలేజీకి వచ్చాడు. నన్ను గుర్తుపట్టలేదు. “మేడం, మీది ఏ ఊరు?” అని ప్రేమగా అడిగాడు. “ఈ పక్కే సార్” అన్నాను.

నా క్లాసులో మొదటి సూత్రం ఒక్కటే. ‘జరిగింది’ అనే మాట నోట రాకూడదు. ‘పొరపాటు జరిగింది’ అంటే వాన పడ్డట్టు, గాలి వీచినట్టు, ఎవరూ చేయకుండానే అయిపోయినట్టు. ‘నేను చేశాను’ అనాలి. ఏం చేశానో చెప్పాలి. దాచి ఉంటే దాచానని చెప్పాలి. పిల్లల చేత దీన్ని ఎక్కాలలాగా వల్లె వేయించాను. ఎవరైనా నోరు జారి ‘జరిగింది’ అంటే క్లాసంతా “ఎవరు చేసినారు?” అని అరిచేది.

తర్వాత ఒక కేసు తయారుచేశాను. పేషెంటు మగ్గం నేసే ఆడమనిషి, కడుపులో గుడ్డ. పిల్లల్లో ఒకరు సర్జన్‌గా మాట్లాడాలి. సర్జరీ కేసు కాబట్టి పెద్దవారు మీరు కూర్చుని నాలుగు మాటలు చెప్పాలని ఆయన్ను పిలిచాను. సంతోషంగా ఒప్పుకున్నాడు. పేషెంటు వేషానికి అమ్మను అడిగాను.

“నాకు నటించేకి రాదు పాపా.”

“నటించే పని లేదు మా. ఉండేది ఉన్నట్టు చెప్పు, చాలు.”

“ఆయప్ప వస్తాడా?”

“వస్తాడు.”

“అట్లయితే వస్తా.”

ఆ రోజు అమ్మ క్లాసులో కుర్చీ మీద నిటారుగా కూర్చుంది. ఆయన ముందు వరసలో కూర్చున్నాడు. నేను తలుపు దగ్గర నిలబడ్డాను. సర్జన్‌గా చేసిన అబ్బాయి తడబడుతూనే బాగా మాట్లాడాడు. కడుపులో గుడ్డ వదిలేసింది తానేనన్నాడు, ఆమె తప్పేమీ లేదన్నాడు.

అంతా అయ్యాక ఆయన గొంతు సవరించుకున్నాడు. “బాగుంది. కానీ ప్రాక్టీసులో ఇంత సులభంగా ఉండదు. అన్నీ నెత్తిన వేసుకోకూడదు. పేషెంటు తప్పు కూడా ఉంటుంది.”

“నా తప్పేముండాది సార్?” అంది అమ్మ. అది నేను నేర్పిన మాట కాదు.

ఆయన నవ్వాడు. ఇంకా ఆటే అనుకుంటున్నాడు. “ఏముందమ్మా, బరువులెత్తొద్దంటే వినరు, మగ్గం ఎక్కొద్దంటే వినరు...”

“ఈ మాట మీరు నాకు ముందే చెప్పినారు సార్. మీ నర్సింగ్ హోంలో.”

ఆయన నవ్వు అలాగే ఉండిపోయింది, కళ్ళు మాత్రం మారాయి. అమ్మను చూశాడు. తిరిగి నన్ను చూశాడు. నన్ను చూసి అమ్మను చూస్తే పోలిక తెలియనివాడు ఉండడు.

“ధర్మవరం...” అన్నాడు. “ఎప్పటి సంగతో. ఎక్కడో ఏదో పొరపాటు జరిగి ఉంటుంది.”

రెండో వరసలో ఒక అమ్మాయి లేచి నిలబడింది. “సార్, జరిగింది అనకూడదు సార్. ఎవరు చేసినారో చెప్పాల.”

ఎవరూ నవ్వలేదు. ఆయన కర్ర అందుకున్నాడు. నేను తలుపు దగ్గర నుంచి కదలలేదు.

“చెప్పండి సార్” అన్నాను. “పిల్లలు నేర్చుకుంటారు.”

“నేనే చేశాను.”

“ఏం చేశారు?”

“గుడ్డ... లోపల వదిలేశాను.”

“కాగితాలు తెచ్చి చూపించాక?”

“ఒప్పుకోలేదు.”

“తప్పు ఎవరిదన్నారు?”

“ఆమెదే అన్నాను.”

ఆ ఒక్కొక్క జవాబూ నాకు ఎండాకాలంలో చల్లటి మజ్జిగ తాగినట్టుంది. జాలి వస్తుందేమోనని చూసుకున్నాను, రాలేదు.

ఆయన మెల్లగా లేచి అమ్మ ముందుకు వచ్చి చేతులు జోడించాడు. “క్షమించమ్మా.”

అమ్మ కూర్చునే ఉంది. “మా అత్త సచ్చేవరకు నన్ను పని దొంగ అనింది సార్. ఇప్పుడు యాడికి పోయి చెప్తారు ఆమెకు? మీరు చెప్పినారు, నేను ఇన్నాను. చమించేది మాత్రం నా వల్ల కాదు.”

నేను తలుపు తీశాను. ఆయన వెళ్ళిపోయాడు.

మరుసటి రోజు ప్రిన్సిపాల్ పిలిచి ఇది పద్ధతి కాదన్నాడు, పెద్ద మనిషిని పిల్లల ముందు నిలబెట్టావన్నాడు. మా స్టాఫ్‌లో కొందరు నాతో మాట్లాడడం మానేశారు. ముసలాయన మీద అంత కసి ఎందుకని ఒకరు మొహం మీదే అడిగారు. నేను సంజాయిషీ చెప్పుకోలేదు. ఆయన ఆరోగ్యం బాగాలేదని సెలవు పెట్టి, తర్వాత ఉద్యోగమే వదిలేశాడు. పగ తీర్చుకున్నవాళ్ళకు మనశ్శాంతి ఉండదని పెద్దలు చెబుతారు. నాకైతే బాగానే ఉంది.

క్లాసు అయిన సాయంత్రం అమ్మతో పాటు నేనూ ధర్మవరం పోయాను. నాయన మగ్గం ఆపి గుంతలోంచి లేచి వచ్చాడు. అమ్మ మొదటి నుంచీ చెప్పింది. నాయన తువ్వాలు భుజాన వేసుకుని గోడకు ఆనుకుని విన్నాడు.

“మన్నించమని అడిగినాడా?”

“అడిగినాడు. కాదన్నా.”

“మంచిపని చేసినావు” అన్నాడు నాయన. తువ్వాలు దులుపుకుంటూ మళ్ళీ అడిగాడు. “ఇప్పుడు నీకు కోపం పోయిందా?”

“యాడ పోతుంది?” అంది అమ్మ. “ఉండాది. కాళ్ళు కడుక్కోండి, సంగటి సల్లారిపోతాంది.”