చేతులు చూసి ఇచ్చిన పుస్తకాలు

మా బాబాయి బండ్లకు సీటు కవర్లు కుట్టేవాడు. కొత్త సోఫా కొన్నవాళ్లు పైనున్న ప్లాస్టిక్ తీసేస్తే ఆయన ప్రాణం ఉసూరుమనేది. అలాంటి మనిషి చేతిలో పడింది మా ఊరి గ్రంథాలయం. అక్కడ జీతాలూ లేవు, ఉద్యోగులూ లేరు. మునిసిపాలిటీ నీళ్ల ఆఫీసు వెనక గదిలో తీరికున్నవాళ్లం వంతులవారీగా కూర్చునేవాళ్లం. ఆదివారం వంతు ఆయనదీ నాదీ.

వచ్చిన ప్రతి పుస్తకానికీ మిగిలిపోయిన రెక్సిన్ ముక్కలతో అట్ట కుట్టేవాడు. బాగున్నవాటిని అద్దాల అల్మరాలో పెట్టి తాళం వేసేవాడు. ఎవరైనా అడిగితే ముందు "చేతులేవీ, చూపించు" అనేవాడు. రంగులేసే మేస్త్రీ వేళ్ల సందుల్లో ఎప్పుడూ ఏదో ఒక రంగు ఉండేది. "కడుక్కునిరా పో" అని రెండు మూడుసార్లు పంపేశాక అతను రావడమే మానేశాడు. మా అమ్మ ఒక నవలను నూనె మరకతో తిరిగిచ్చిన రోజు మరీ ఘోరం. "వదినా, ఇది పుస్తకమా, పొయ్యి దగ్గరి మసిగుడ్డా? నువ్వే ఉంచుకో" అన్నాడు అందరి ముందూ. నవ్వుతూనే అన్నాడు. అమ్మ మాత్రం మళ్లీ ఆ గుమ్మం తొక్కలేదు. నాకు ఒళ్లు మండింది, ఆయనకు చీమ కుట్టినట్టయినా లేదు.

కొన్నాళ్లకు ఆ గదిని పాత మోటార్లు పెట్టుకోవడానికి తీసుకుందామని మునిసిపాలిటీలో అనుకున్నారు. చూసి చెప్పమని ఒక ఆఫీసరమ్మను పంపారు. బాబాయి ఇస్త్రీ చొక్కా వేసుకుని, అద్దాలు తళతళలాడేలా తుడిచి నిలబడ్డాడు. ఆవిడ ఒక పుస్తకం తీసి తెరిచింది. అట్ట పటపటమంది. లోపలి పేజీలు ఒకదానికొకటి అంటుకునే ఉన్నాయి. ఇంకోటి తీసింది, అదీ అంతే.

"ఎంత జాగ్రత్తగా పెట్టామో చూడండమ్మా. కొన్నప్పుడు ఎలా ఉన్నాయో అలాగే ఉన్నాయి" అన్నాడు బాబాయి గొప్పగా.

"అదే చూస్తున్నానండీ. అయితే ఇక్కడ చదివేవాళ్లెవరూ లేరన్నమాట" అందావిడ. ఎగతాళిగా కాదు, మామూలుగానే. "వచ్చే ఆదివారం ఇంకోసారి వస్తాను. అప్పుడూ ఇలాగే ఉంటే గది ఖాళీ చేయాల్సిందే."

బాబాయి చెవులు ఎర్రబడ్డాయి. గదికి ఎసరు పెట్టింది మోటార్లు కాదు, తానేనని ఆయనకు అప్పుడు తెలిసింది.

మర్నాడు మా ఇంటికొచ్చి గుమ్మం బయటే నిలబడ్డాడు.

"వదినా, నువ్వు రావాలి. ఆ నవల కూడా పట్రా."

"మసిగుడ్డ నీకెందుకులే మరిదీ" అంది అమ్మ. ఆయన తల దించుకున్నాడు. అది చూసి అమ్మే కాస్త మెత్తబడింది. "నా దగ్గరెక్కడుంది? వీధంతా తిరిగింది. ఇప్పుడు మేస్త్రీ చదువుతున్నాడు."

నన్నూ వెంటబెట్టుకుని వెళ్లాడు. మేస్త్రీ ఎవరింటి గోడకో రంగు వేస్తున్నాడు. మమ్మల్ని చూడగానే బ్రష్షు కింద పెట్టి, చేతులు వెనక్కి దాచుకున్నాడు. నవల అతని సంచిలో, ఉతికిన తువ్వాలులో చుట్టి ఉంది. బాబాయి తెరిచి చూశాడు. నూనె మరక, టీ చుక్కలు, ఎవరో పిల్లల పెన్సిలు గీతలు, పేజీల అంచుల్లో నీలం వేలిముద్రలు. నవల అడిగి తీసుకుని, ఆదివారం రమ్మని గొణిగి బయటపడ్డాడు. దారిలో నాతో ఒక్కటే అన్నాడు: "సిగ్గుతో చచ్చిపోతున్నానే."

ఆదివారం ఆయనే అల్మరా బార్లా తెరిచాడు. అమ్మ వీధిలోవాళ్లను వెంటేసుకొచ్చింది. ఆఫీసరమ్మ ఆ నవల తిరగేస్తూ కూర్చుంది. అప్పుడు మేస్త్రీ వచ్చాడు. అల్మరా ముందు ఆగి, ఏ పుస్తకమూ ముట్టుకోకుండా, రెండు చేతులూ చాపి బాబాయికి చూపించాడు. ఎంతలా రుద్ది కడిగాడో, వేళ్లు కందిపోయి ఉన్నాయి.

"ఏంటది?" అంది ఆఫీసరమ్మ.

ఏదో ఒకటి చెప్పి ఆయన పరువు నిలబెడదామని నేను నోరు తెరిచేలోపే, "నేను నేర్పిందేనమ్మా" అన్నాడు బాబాయి. "చేతులు చూసి ఇచ్చేవాణ్ణి పుస్తకాలు."

గది మాకే దక్కింది. అల్మరాకు ఇప్పుడు తాళం లేదు. మేస్త్రీ మాత్రం ఇప్పటికీ పుస్తకం తీసేముందు తన చేతులు ఓసారి చూసుకుంటాడు. అది కంటబడినప్పుడల్లా బాబాయి లేచి బయటికి వెళ్లిపోతాడు.