ఎర్ర చుక్క పోయిన మూల

డిగ్రీ చేతికొచ్చిన కొత్తల్లో, లోకమంతా నా తెలివి కోసమే కాచుకొని ఉందని నమ్మేదాన్ని. ఆ నమ్మకంతోనే, పనిచేసేటప్పుడు మనుషుల చూపు ఎక్కడెక్కడ పడుతుందో పరిశోధించే ఒక ప్రాజెక్టులో సహాయకురాలిగా చేరాను. "కండ్లు యాడ చూస్తాండాయో చూసేది గూడా ఉద్యోగమేనా?" అని మా అవ్వ హిందూపురమంతా వినబడేలా నవ్వింది. (నాకూ అదే అనుమానం. పైకి మాత్రం "సైన్సు అవ్వా" అన్నాను.) పొద్దున్నే రైలెక్కి, పెనుకొండ కోట కనబడగానే ఒడిలోని పెట్టె తెరిచి, అందులోని కళ్లజోడు పగల్లేదు కదా అని చూసుకుని, ధర్మవరంలో దిగేదాన్ని. ఆ జోడు పెట్టుకుని చీర నేస్తే, నేసేవాళ్ల చూపు పడిన చోటల్లా నా ల్యాప్‌టాప్‌లో ఒక ఎర్ర చుక్క కదులుతుంది. ఇంత చిన్న పనిలో మొదటి రెండు రికార్డింగులూ పాడుచేశాను. ఒకసారి ఛార్జింగ్ పెట్టడం మరిచాను. రెండోసారి (చెప్పుకోవడానికి సిగ్గే) బటన్ నొక్కడం మరిచాను. "మూడోదీ పోతే ఇంక నువ్వు రానక్కర్లేదమ్మా" అన్నారు మా సారు.

మూడోసారి మగ్గం ముందు కూర్చున్నది నెలల బిడ్డ తల్లి, అక్క అని పిలిచేదాన్ని. వీడియో తీస్తారని ఇంత మందాన కాటుక పెట్టుకుంది. కాటుకేదో కంటిపాపేదో తెలియక యంత్రం తికమకపడింది. తుడుచుకోమంటే, "ఈ జోడు మొగాన పెట్టి, కాటుక గూడా తీసేస్తే నేను మనిషినని ఎవరికి తెలుస్తాది?" అని విసుక్కుంటూనే తుడుచుకుంది. తీరా మొదలుపెడితే, ఎర్ర చుక్క నాలుగు పోగులకొకసారి చీర వదిలి ఎడమ మూలకు దూకుతోంది. అక్కడ ఉయ్యాలలో బిడ్డ నిద్రపోతోంది.

"అక్కా, ఉయ్యాల దిక్కు చూడొద్దు."

"నేను యాడ చూస్తి? చీర మీదే ఉండాయి నా కండ్లు!"

ల్యాప్‌టాప్ తిప్పి చుక్కను చూపించాను. అక్క దాన్ని చూసి, వెంటనే ఉయ్యాల చూసింది.

అప్పుడు నా తెలివి పనిచేసింది. బిడ్డను పక్కింట్లో ఉన్న ఆమె అత్త దగ్గరికి పంపించాను. ఇక చుక్క చీర మీద నిలవనే లేదు, గుమ్మానికి అతుక్కుపోయింది. పది నిమిషాల్లో చీరలో నేస్తున్న పువ్వు, అదే బుటా, తప్పింది. "నీ చుక్క పాడుగాను! ఇదంతా ఇప్పుడు విప్పల్ల!" అని అక్క ఒక్కో పోగూ వెనక్కి లాగుతుంటే తలెత్తలేకపోయాను. నేనే వెళ్లి బిడ్డను ఎత్తుకొచ్చి ఉయ్యాలలో వేశాను. చుక్క మళ్లీ చీరకూ మూలకూ తిరగసాగింది. సాయంత్రం దాకా ఒక్క బుటా తప్పలేదు. ఉద్యోగం పోయిందనుకుంటూనే అలాగే రికార్డు చేశాను.

సారు మొత్తం చూసి, "ఆ మూలన ఏముందమ్మా?" అన్నారు.

"ఉయ్యాల, సార్."

చాలాసేపు ఆలోచించి, "రేపటి నుంచి ఉయ్యాల లేని ఇల్లు వెతుకు" అన్నారు. (ఆయనకింకా పెళ్లి కాలేదు.) వెతకడానికి ఎవరో ఒకరు కావాలి కదా, అలా నా ఉద్యోగం నిలిచింది.

ఒక తల్లి కళ్లకు కాటుక తుడిపించి, చూపు తిప్పొద్దని పాఠం చెప్పిన ఆ పిల్ల ఇప్పుడు ఎదురైతే చెవి మెలేయాలనిపిస్తుంది. ఇదంతా రాస్తున్నంతసేపూ నేను కాగితం మీదనుంచి చూపు తిప్పలేదని ఒట్టేసి చెప్పగలను. మా ఆయన మాత్రం ఒప్పుకోవడం లేదు. "పాప పడుకుందిలేవే, ఎన్నిసార్లు చూస్తావు?" అంటున్నారు.

"నేను యాడ చూస్తి?" అన్నాను.