బోర్లించిన ఫోను

కామారెడ్డి డీటీపీ సెంటర్‌లో నా నవల టైపు చేసినామె రోజూ ఎల్లారెడ్డి నుంచి బస్సులో వచ్చేది. ఫోను కీబోర్డు పక్కన బోర్లించి పెట్టేది. పేరాకోసారి తిప్పి చూసి, మళ్ళీ బోర్లించేది.

నాది ఓ పాత ప్రేమనవలను ఈ కాలానికి మార్చి రాసిన కథ. పాతదానిలో నాయిక రాసిన ఉత్తరం దారిలో గల్లంతై, ప్రేమికులు విడిపోతారు. నేను ఉత్తరం బదులు మెసేజ్ పెట్టి, అదీ చేరలేదని రాశాను.

అక్కడ ఆమె చేతులు ఆగాయి.

"మెసేజ్ ఏడికి పోతది సార్? చూసిండని గూడ కనబడతది. ఉత్తరమైతే అందలేదనుకోని బతకొచ్చు. చూసి జవాబియ్యకుంటే ఏమనుకోవాలె?"

'చేరలేదు' కొట్టేసి, 'చూశాడు' అని రాసిచ్చాను. ఆ ఒక్క మాట టైపు చేసేలోగా ఆమె మూడుసార్లు ఫోను తిప్పి చూసింది.