శుభలేఖ వెనక యాదగిరి అన్న గీసిన దారి

ముందుగా అందరికీ బహిరంగ క్షమాపణలు.

ఈ పోస్ట్ పొడుగైనందుకు, ఇందులో ఇంగ్లిష్ దొర్లినందుకు, చావు కబురు చెబుతూ జోకులు వేస్తున్నందుకు, కింది ఫొటోలో నేనే పెద్దగా కనబడుతున్నందుకు మా టీమ్‌నూ, మిత్రులనూ, తెలుగు భాషనూ క్షమించమని చేతులు జోడించి వేడుకుంటున్నాను.

యాదగిరి అన్న నిన్న పోయాడు.

ఆఫీస్ గ్రూప్‌లో మెసేజ్ చూసి వేరే యాదగిరి ఎవరో అనుకున్నాను. తేల్చుకుందామని ఆయన నంబర్‌కే ఫోన్ చేశాను.

వాళ్ళ తమ్ముడు ఎత్తాడు. గుండె అన్నాడు. దవాఖానకు తీసుకెళ్ళేలోపే అయిపోయిందన్నాడు.

నేను "ఓకే అండి" అన్నాను. పరామర్శలో నాది ఆ స్థాయి.

ఆయన్ని తెలియనివాళ్ళ కోసం: నానక్‌రామ్‌గూడలో మా కంపెనీ ఫైబర్ కనెక్షన్లు ఇస్తుంది. అన్న ఎండలో తిరిగే ఫీల్డ్ టెక్నీషియన్. నేను ఏసీలో కూర్చునే సాఫ్ట్‌వేర్.

ఇప్పుడు కస్టమర్ వెబ్‌సైట్‌లో బటన్ నొక్కితే చాలు. ఈ టవర్ నుంచి ఆ డేటా సెంటర్‌కి ఖాళీ దారి వెతికి, నిమిషంలో కనెక్షన్ లేపుతుంది మా సిస్టమ్. అది తెగితే పనికొస్తుందని ఇంకో దారి కూడా పక్కన ఉంచుతుంది. దీన్ని ఆన్ డిమాండ్ అంటారు.

అంతకుముందు కూడా ఆన్ డిమాండ్ ఉండేది. దాని పేరు యాదగిరి.

ఫోన్ కొడితే కేబుళ్ళు మెడలో దండలా వేసుకుని బండి మీద వచ్చేవాడు. గుచ్చేవాడు. సిగ్నల్ అందిందో లేదోనని నాకు ఫోన్ చేసి "వచ్చిందా తమ్మీ, లైటు?" అని అడిగేవాడు. వచ్చిందనేదాకా అక్కణ్ణుంచి కదిలేవాడు కాదు.

బటన్ వచ్చాక కూడా ఆ ఫోన్ మానలేదు. బటన్‌ను నమ్మలేదో, నన్ను నమ్మలేదో.

ఒకరోజు మా స్క్రీన్ ముందు నిలబడి చాలాసేపు చూశాడు. అసలు దారి ఆకుపచ్చ గీత, స్పేర్ దారి నీలం గీత.

"నీ మ్యాపుల రెండు గీతలున్నయ్ తమ్మీ. భూమిల ఒక్కటే పైపు."

కల్వర్టు దగ్గర జాగా చాలక రెండు కేబుళ్ళనూ ఒకే పైపులో దింపారట. దింపింది ఆయనే. బ్యాగులోంచి మేనకోడలి శుభలేఖ తీసి, దాని వెనక బొమ్మ గీసి నా చేతిలో పెట్టాడు.

మా దగ్గర మ్యాప్ మార్చాలంటే ఆన్‌లైన్ ఫామ్ కావాలి. ఫామ్ నింపాలంటే లాగిన్ కావాలి. ఫీల్డ్ వాళ్ళకు లాగిన్ ఉండదు.

ఇదంతా తెలిసీ "ఫామ్ పెట్టన్నా, చేసేద్దాం" అన్నాను.

నవ్వాడు. పెళ్ళికి మాత్రం తప్పక రమ్మన్నాడు.

వెళ్ళాను. మటన్ బాగుంది.

తర్వాతి నెల ఆ కల్వర్టు దగ్గర రోడ్డు పని మొదలైంది. జేసీబీ ఒక్క పోటు పొడిచింది. ఆకుపచ్చ, నీలం రెండూ ఒకేసారి ఎర్రబడ్డాయి. మా పెద్ద కస్టమర్‌కు సగం రోజు పని ఆగిపోయింది.

రెండూ ఒకే పైపులో ఉన్న సంగతి ఫీల్డ్ వాళ్ళు ఎందుకు చెప్పలేదని మీటింగ్‌లో మేనేజర్ అడిగాడు.

"చెప్పిన సార్."

"ఎవరికి?"

అన్న నా వైపు చూశాడు. నేను ల్యాప్‌టాప్ వైపు చూశాను.

"యాదికి లేదు సార్."

ఏళ్ళ కిందట వేసిన జాయింటు ఏ మ్యాన్‌హోల్‌లో ఉందో గుర్తున్న మనిషి.

వారంలో ఆయన్ని జీడిమెట్ల గోడౌన్‌కి మార్చారు. కేబుల్ చుట్టలకు కాపలా. మళ్ళీ ఫీల్డ్‌కి పంపలేదు. అడిగాడని, కుదరదన్నారని తర్వాత తెలిసింది.

అక్కణ్ణుంచి కూడా అప్పుడప్పుడూ ఫోన్ చేసేవాడు. "నడుస్తుందా తమ్మీ?" అనేవాడు. నడుస్తోందన్నా అనేవాణ్ణి. అంతకుమించి ఆయనేమీ అడగలేదు.

మొదట్లో చెప్పిన క్షమాపణలన్నీ ఉత్తవే. ఎవరూ మనసులో పెట్టుకోకండి.

అసలుది ఇది.

కేబుళ్ళు తెగిన రోజు రిపోర్ట్ రాసింది నేనే. "ఫీల్డ్ టీమ్ సమాచారం ఇవ్వలేదు" అన్న లైన్ నేను టైప్ చేసిందే. టైప్ చేస్తున్నప్పుడు ఆ శుభలేఖ నా కీబోర్డ్ కిందే ఉంది.

ఇక ఎవరి లైటు కోసమూ నిలబడకు అన్నా. నిమ్మళంగా పడుకో.